రోల్ నంబరు చూడని మాస్టారు

ఈ నవంబరులో ఒక పొద్దున షట్టరు ఎత్తి, ప్రింటింగ్ మిషన్ మీద దుమ్ము తుడిచి, టీ చెప్పి, ఫోను చూస్తూ కూర్చున్నాను. లాటిన్ దేశాల సంగీతానికి ఏటా ఇచ్చే బహుమతులు ప్రకటించారని వార్త. స్పానిషు, పోర్చుగీసు మాట్లాడే దేశాల పాటగాళ్ళు తళుకు బట్టల్లో నిలబడ్డ ఫోటోలు. బందరులో ఫ్లెక్సీలు కొట్టుకునే నాకు వాళ్ళతో ఏం పని అని ఎవరైనా అడిగితే చెప్పడం కష్టం. నేను మాత్రం ఆ వార్తని కింది దాకా జరుపుకుంటూ పోయాను. అట్టడుగున, ఎవరూ చూడని చోట, ఒక లైను ఉంటుంది. శాస్త్రీయ పద్ధతిలో కొత్తగా సంగీతం రాసినవారికి ఇచ్చే బహుమతి, పక్కన రాసినవారి పేరు. ఆ పేరు చదివి అలవాటుగా రోడ్డు వైపు చూశాను. మాస్టారు రాలేదు. ఆయన పోయి ఆరు నెలలైంది. ఆ సంగతి తెలిసి కూడా చూశాను.

మాస్టారు లెక్కల మాస్టారు. రిటైరై చాలా ఏళ్ళు. మా చర్చి క్వయిరుకి నేర్పేదీ, హార్మోనియం వాయించేదీ ఆయనే. సొంతూరు తోట్లవల్లూరు దగ్గర ఒక లంక. ఇస్త్రీ చొక్కా జేబులో రెండు వస్తువులు తప్పకుండా ఉండేవి: పేపర్లు దిద్దే ఎర్ర పెన్ను, శ్రుతి చూసుకునే ఇనప ఫోర్కు. ఆ ఫోర్కుని మోకాలి చిప్పకేసి కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని, లోకంలో ఏ వస్తువు ఏ స్వరంలో మోగుతుందో తేల్చేవారు. మా ప్రింటింగ్ మిషన్ 'జి' అట. మా ఇంట్లో మిక్సీ 'ఎఫ్ షార్పు'. పామర్రు మీదుగా వచ్చే ఒక బస్సుకి రెండు హారన్లు, రెండింటికీ పొసగదు. ఆ డ్రైవరుకి రెండుసార్లు మర్యాదగా నచ్చజెప్పి చూశారు. వినకపోయేసరికి ఆ బస్సెక్కడమే మానేసి, వెనకాల బస్సు కోసం ముప్పావుగంట ఎండలో నిలబడేవారు.

ఈ బహుమతి గొడవ ఆయనకెలా పట్టుకుందో కచ్చితంగా తెలియదు. అడిగినప్పుడల్లా ఒక్కో కథ చెప్పేవారు. అన్నింటిలోకీ నమ్మదగ్గది ఇది: క్రిస్మసు పాటొకటి వింటూ కునుకు తీస్తుంటే, పాట అయిపోయాక ఫోను దానంతటదే ఇంకేదో వినిపించిందట. మెలకువొచ్చేసరికి ఎక్కడో వయొలిన్లు చీకట్లో తడుముకుంటున్నట్టు వాయిస్తున్నాయి. ఎవరు రాశారా అని చూస్తే పెరూ దేశపు మనిషి. ఆ మనిషికి ఫలానా బహుమతి వచ్చిందని కింద రాసుంది. ఆ రోజు నుంచీ పెరూ, చిలీ, ఉరుగ్వే అన్నీ ఆయనకి అవనిగడ్డ, మోపిదేవి, నాగాయలంక అయిపోయాయి.

"పాడినవాళ్ళనీ వాయించినవాళ్ళనీ అందరూ చూస్తారయ్యా. రాసినవాణ్ణి ఎవరు చూస్తారు? మన కీర్తనలు రాసినవాళ్ళ పేర్లు చూడు, పుస్తకంలో అడుగున చీమల్లాంటి అక్షరాలు. అవి కూడా వాళ్ళు పోయాక వేసినవే. ఇక్కడ మనిషి బతికుండగా, కొత్తగా రాసినదానికి పిలిచి మరీ ఇస్తున్నారు."

"అది టీవీలో చూపించరంట కదండీ మాస్టారూ. అసలు పండగకి ముందే, మధ్యాహ్నం పూట ఇచ్చేస్తారంట."

"చూపించకపోతేనే మంచిది. పోయాక ఇస్తే అది బహుమతి కాదు, దండ. నాకా తేడా తెలిస్తే చాలు."

పోటీలో నిలిచిన రచనలు అయిదింటినీ బహుమతి ప్రకటించక ముందే విని, సొంతంగా మార్కులు వేసి, తన విజేతని తాను తేల్చుకునేవారు. అది ఆయన వరండాలో, పొద్దున ఎనిమిదింటికి జరిగే వాల్యుయేషన్. తెల్ల కాగితం మీద గళ్ళు గీసి, ఒకటి నుంచి అయిదు దాకా రోల్ నంబర్లు వేసి, వందకి మార్కులు. ఫోనులో వినిపించే పని నాది. రచన మొదలెట్టగానే ఆయన జేబులోంచి రుమాలు తీసి ఫోను మీద కప్పేవారు. రాసింది ఆడో మగో, ఏ దేశమో, ఎంత పేరున్న మనిషో తెలిస్తే పెన్ను వంకర పోతుందట. "రోల్ నంబరు వెనకాల మనిషిని చూడకూడదు" అనేవారు. ఈ పట్టింపు ఎంతదాకా వెళ్ళిందంటే, సొంత కూతురు తన క్లాసులోనే చదివినన్నాళ్ళూ, ఎవరూ వేలెత్తి చూపకూడదని ఆ అమ్మాయికి పది మార్కులు కోసి వేసేవారు. ఆవిడ ఇప్పుడు గుడివాడలో బ్యాంకులో పనిచేస్తోంది. ఆ పది మార్కుల సంగతి ఆవిడ ఇప్పటికీ మర్చిపోలేదు.

రెండో ఎగ్జామినరు నాగమ్మక్క. గిలకలదిండి నుంచి చేపలు తెచ్చి మా వీధుల్లో అమ్ముతుంది. మొదటి ఏడు మేం మూడో రచన వింటుండగా గేటు దగ్గర బుట్ట దించి, రొయ్యలు కావాలా అని అడగబోయి ఆగిపోయింది. అయిపోయేదాకా నిలబడి, "ఏదో పోగొట్టుకున్నోళ్ళు ఎతుక్కుంటన్నట్టుందండి" అంది.

మాస్టారు కళ్ళద్దాలు సర్దుకుని, "దొరికిందంటావా?" అని అడిగారు.

"లేదండి. ఎతకడం మజ్జలో ఆపేసి ఇంటికెళ్ళిపోయారు."

ఆయన అరవై అయిదు కొట్టేసి యాభై ఎనిమిది వేశారు. వేసి, మార్కు దిద్దితే పక్కన ఎగ్జామినర్లిద్దరి పొట్టి సంతకాలూ ఉండాలనీ, ఒక్కటి లేకపోయినా ఆ దిద్దుబాటు చెల్లదనీ ఆవిడకి వివరంగా చెప్పారు. నాగమ్మక్క చెయ్యి కడుక్కొచ్చి 'నా' అని పెట్టింది. అప్పట్నుంచి ఏటా ఆ వారం మా వీధికి చేపలు ఆలస్యంగా వచ్చేవి. ఎవరైనా విసుక్కుంటే, "పరీచ్చ పేపర్లు దిద్దొస్తన్నానండి" అని చెప్పేది.

తేలిన విజేతకి ధ్రువపత్రం. అది కొట్టేది మా షాపులో. మందపాటి కాగితం, పసుపు అంచు, మధ్యలో తెలుగులో రెండే రెండు వాక్యాలు: 'మీరు రచించిన సంగీతం మచిలీపట్నంలో వినబడినది. బాగున్నది.' మొదటిసారి టైపు చేసినప్పుడు అందంగా ఉంటుందని నేను 'చాలా బాగున్నది' అని కొట్టాను. ఆయన ఎర్ర పెన్ను తీసి 'చాలా' కొట్టేశారు. "బాగున్నదంటే బాగున్నదే. దానికి ఊతకర్ర ఎందుకయ్యా" అన్నారు. తర్వాత రిజిస్టరు పోస్టు. అడ్రసు దొరక్కపోతే ఆ మనిషి చదువుకున్న సంగీత కళాశాల పేరున పంపేవారు. ఎనిమిదేళ్ళలో ఒక్క జవాబు రాలేదు. ఒకటి మాత్రం ఒంటినిండా ముద్రలతో తిరిగొచ్చింది. దాన్ని చూసి ఆయన మురిసిపోయారు. "మనం పామర్రు దాటితే గొప్ప. ఇది చూడు ఎన్ని ఊళ్ళు తిరిగొచ్చిందో" అని వచ్చినవాళ్ళందరికీ చూపించారు.

అసలు బహుమతి ఆయన విజేతకి రాకపోతే, "అక్కడ వాల్యుయేషన్ సరిగా జరగలేదు" అనేసి ఊరుకునేవారు. ఎనిమిదేళ్ళలో ఒక్కసారే రెండూ కలిశాయి. ఆ ఏడు ఆయన కొంచెం అనుమానంగా ఉన్నారు.

ఇదంతా నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. మేం నవ్వాం కూడా. కానీ ఆయన హార్మోనియం పెట్టె కింద అరలో ఒక నల్ల అట్ట పుస్తకం ఉండేది. అందులో ఆయన సొంతంగా రాసిన సంగీతం, నాలుగు గొంతులకి, ఏడెనిమిది నిమిషాలది. నాగమ్మక్క పుట్టిల్లు దివిసీమలో సముద్రపు ఒడ్డున. వాళ్ళ నాన్న పెద్ద వల లాగేటప్పుడు ముందు గొంతెత్తితే మిగతావాళ్ళు అందుకునేవారట. ఆవిడ పాడి వినిపించిన ఆ వల లాగే పిలుపు పట్టుకుని మాస్టారు అల్లింది అది. దాన్ని ఒక్కసారి, నాలుగు గొంతుల్లో, చెవులారా వినాలని ఆయనకి. ఇంకేం లేదు.

అడ్డు పడింది నేను. క్వయిరు సెక్రటరీని నేనే కాబట్టి ఏటా నన్నే అడిగేవారు. గీతల మీద రాసిన ఆ స్వరాలు చదవడం మాలో ఒక్కరికీ రాదు. అందరం విని నేర్చుకునేవాళ్ళం. పైగా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, అది ఆరాధనలో పాడే పాట కాదన్నారు. నేను అయ్యగారి మీద పెట్టి, "వచ్చే ఏడు చూద్దాం మాస్టారూ" అనేవాణ్ణి.

"కాగితం మీద ఉన్నంతకాలం అది లెక్క చేసి పెట్టడమేనయ్యా. జవాబు సరిపోయిందో లేదో వింటేనే గదా తెలిసేది" అనేవారు. మళ్ళీ ఆ మాట ఎత్తకుండా ఫోర్కు మోకాలికి కొట్టుకుంటూ వెళ్ళిపోయేవారు. అలా ఆరేళ్ళు వాయిదా వేశాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గుగా ఉంటుంది.

ఆ తర్వాత ఒక ఏడు, క్వయిరులో ఆయన నలభై ఏళ్ళు పూర్తయిన సందర్భంగా సన్మానం చేద్దామన్నారు. శాలువా, పూలదండ, చర్చి గేటుకి ఫ్లెక్సీ. ఫ్లెక్సీ నాది. పెళ్ళిళ్ళ సీజను, పైగా ఒక నాయకుడి పుట్టినరోజు, మిషన్ ఆగకుండా తిరుగుతోంది. మా షాపుల్లో ఎవరూ కొత్తగా బొమ్మ గీయరు. పాత ఫైలు తెరిచి, ఫోటో మార్చి, పేరు మార్చి, తేదీ మార్చి కొట్టేస్తాం. నేనూ అదే చేశాను. నేను తెరిచిన పాత ఫైలు, పోయినవాళ్ళ కోసం జరిపే ఒక జ్ఞాపకార్థ కూడికది. ఫోటో, పేరు, తేదీ మార్చాను. పైనున్న లైను మార్చలేదు. శనివారం సాయంత్రం దాన్ని కట్టించేసి ఇంటికెళ్ళి హాయిగా పడుకున్నాను.

ఆదివారం తెల్లారేసరికి చర్చి గేటు మీద మాస్టారు చిరునవ్వుతో, నెత్తిన 'ప్రభువునందు నిద్రించిన' అనే అక్షరాలతో, రెండు పక్కలా కొవ్వొత్తులతో వెలిగిపోతున్నారు. ఎవరో దాన్ని ఫోటో తీసి గ్రూపులో పెట్టారు. గుడివాడలో కూతురు ఫోను చేస్తే, మాస్టారు ఫోను ఎప్పట్లాగే సైలెంటులో ఉంది. ఆవిడ ఏడుస్తూ మొదటి బస్సెక్కింది. నాగమ్మక్క చేపలు వేసుకోకుండా వచ్చి ఆయన గేటు ముందు కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. గేటు తీసింది మాస్టారే, బ్రష్షు నోట్లో పెట్టుకుని.

"ఏవమ్మా, ఇవాళ చేపల్లేవా?" అన్నారు.

కూతురు వచ్చి తండ్రిని చూసి, పట్టుకుని ఏడ్చి, కాఫీ తాగి, అప్పుడు నాకు ఫోను చేసింది. "అన్నయ్యా, మీరు షాపులోనే ఉండండి, నేనొస్తున్నా" అని చాలా నెమ్మదిగా చెప్పింది. నేను షాపు తియ్యలేదు. చర్చి వెనక గదిలో కుర్చీలు సర్దుతున్నట్టు నటిస్తూ దాక్కున్నాను. నన్ను పట్టుకుంది ఆవిడ కాదు, మాస్టారు. గేటు దగ్గర ఫ్లెక్సీ ముందు నిలబడి, పక్కన అయ్యగారిని పెట్టుకుని, నన్ను పిలిపించారు. ఎర్ర పెన్ను చేతిలో ఉంది.

"ఫోటో బావుందయ్యా" అన్నారు.

"మాస్టారూ, క్షమించండి, పాత ఫైలు..."

"ఉండు. అయ్యగారండీ, మన సంఘంలో జ్ఞాపకార్థ కూడిక అంటే పోయినవాళ్ళకి ఇష్టమైన పాట పాడతాం గదండీ?"

"పాడతామండి" అన్నారు అయ్యగారు, ఎటు పోతుందో తెలియక.

"ఎవరికైనా కాదన్నామా ఇంతవరకూ?"

"లేదండి. అదెలా అంటాం."

"మరి కూడిక ప్రకటించేశారు. అచ్చులో కూడా ఉంది. నాకిష్టమైన పాటేదో సెక్రటరీగారికి ఆరేళ్ళుగా తెలుసు. ఇవాళొద్దులెండి, నెల రోజులు నేర్చుకుని పాడండి. నేనెక్కడికీ పోను."

అయ్యగారు ఫ్లెక్సీ వంక చూశారు, నా వంక చూశారు, చివరికి ఒప్పుకున్నారు. ఆ పూట శాలువా కప్పినప్పుడు ఆయన ముఖంలో ఎంత సంతోషమో. అది శాలువా గురించి కాదని నాకొక్కడికే తెలుసు.

ఆ నెల్లాళ్ళూ మాకు చుక్కలు చూపించారు. మాకు చదవడం రాదు కాబట్టి నాలుగు గొంతులూ ఆయనే పాడి, రికార్డు చేసి, ఎవరిది వాళ్ళకి పంపారు. డెబ్బై దాటిన మనిషి ఆడగొంతుతో పాడిన ఆ రికార్డు పై గొంతు సొప్రానో పాడే మా ఆడపిల్లల ఫోన్లలో ఇంకా ఉంది, నవ్వాలనిపించినప్పుడు వింటారు. నాది బాస్, అందరికన్నా కింది గొంతు. పదహారు లెక్కల పాటు ఒకే స్వరం పట్టుకోవాలి, తర్వాత ఒక మెట్టు దిగి మళ్ళీ పదహారు. "నువ్వు ఒడ్డున పాతిన గుంజవి. కదిలావంటే వల పోతుంది" అని చెప్పారు. వల లాగే పిలుపు మా ఎవరికీ పట్టుబడకపోతే నాగమ్మక్కని పిలిపించారు. ఆవిడ గుమ్మం దగ్గర చెప్పులు విడిచి, కాసేపు విని, "అంత గుంజేత్తన్నారేంటండి. అట్టా లాగితే వల చినుగుద్ది, చేపలు రావు. అలొచ్చినప్పుడు ఒగ్గెయ్యాలి, అలెళ్ళినప్పుడు లాగాలి" అని చేత్తో చూపించింది. అది చూశాక మాకు అర్థమైంది.

పాడే రోజు మాస్టారు వెనక బెంచీలో కూర్చున్నారు. గుమ్మం దగ్గర నిలబడి నాగమ్మక్క మొదటి పిలుపు ఎత్తింది. మేం అందుకున్నాం. మధ్యలో ఆల్టోలు, అంటే రెండో గొంతు ఆడవాళ్ళు, ఒకచోట తడబడ్డారు, దాదాపు పడిపోయి మళ్ళీ లేచారు. నేను గుంజలా నిలబడ్డాను. ఆ స్వరం పట్టుకుని నిలబడ్డప్పుడు, నా చుట్టూ మిగతా మూడు గొంతులూ వచ్చి వెళ్తుంటే, జీవితంలో మొదటిసారి నాకు సంగీతం అర్థమైనట్టనిపించింది. ఆరేళ్ళు ఎందుకు ఆపానా అనిపించింది. అయినా పట్టు వదల్లేదు. అయిపోయాక వెనక్కి చూస్తే మాస్టారు ముఖం మీద రుమాలు కప్పుకుని కూర్చున్నారు. అందరూ ఆయన ఏడుస్తున్నారనుకున్నారు. కూతురు పరిగెత్తుకెళ్ళి రుమాలు లాగితే, కళ్ళు పొడిగానే ఉన్నాయి.

"మార్కులు వెయ్యకుండా తియ్యకూడదమ్మా. రోల్ నంబరు వెనకాల మనిషిని చూడకూడదు గదా" అన్నారు.

ఆ నవంబరులో మార్కుల కాగితం మీద ఆరో రోల్ నంబరు కూడా చేరింది, మేం పాడినప్పుడు ఫోనులో రికార్డు చేసిన ఆయన పాట. అన్నీ వినిపించేసి, వాళ్ళిద్దరూ మార్కులు తేల్చేలోపే నేను షాపుకొచ్చేశాను. ఆయన్ని ఆశ్చర్యపరచాలని, ధ్రువపత్రం మీద ఆయన పేరు ముందే కొట్టి ఉంచాను. ఆయన చూశారు. పెన్ను తీసి పేరు మీద అడ్డంగా గీత పెట్టారు.

"ఆరోదానికి డెబ్బై ఒకటి. ఫస్టు క్లాసే, కానీ రెండోదానికి డెబ్బై ఎనిమిది. ఉరుగ్వే అమ్మాయట, ఇప్పుడే రుమాలు తీసి చూశాను. ఆ పేరు కొట్టు."

"ఆల్టోలు తడబడ్డారనా మాస్టారూ?"

"వాళ్ళ తప్పు కాదయ్యా. అక్కడ ఊపిరి తీసుకునే సందు నేనివ్వలేదు. కాగితం మీద తెలియలేదు, వింటే తెలిసింది. ఇప్పుడు దిద్దాను." ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన మురిసిపోయినంతగా, బహుమతి వచ్చినవాళ్ళు కూడా మురిసిపోయి ఉండరు. మార్కుల కాగితం నా బల్ల మీద పెట్టి, ధ్రువపత్రం తీసుకుని పోస్టాఫీసుకెళ్ళిపోయారు. నేను దాన్ని మిగతా ఏళ్ళవాటితో ఫైల్లో పెట్టేశాను.

మొన్న వేసవిలో ఆయన నిజంగానే పోయారు. ఫ్లెక్సీ కొట్టడానికి కంప్యూటరు తెరిస్తే ఆ సన్మానం నాటి ఫ్లెక్సీ అక్కడే ఉంది. ఫోటో సరిగ్గా ఉంది, పేరు సరిగ్గా ఉంది, పైన లైను కూడా ఈసారి సరిపోయింది. తేదీ ఒక్కటే మార్చాలి. అది మార్చలేక చాలాసేపు కూర్చున్నాను.

సరే, ఈ నవంబరు పొద్దున్నకి వస్తాను. టీ చల్లారిపోయింది. నాగమ్మక్క బుట్ట గుమ్మంలో దించి లోపలికి తొంగి చూసింది.

"ఈ ఏడు కాయితం కొట్టలేదా తమ్ముడూ?"

"ఎవరికి కొట్టమంటావక్కా?"

"మాస్టారికి కొట్టెయ్యి."

"ఊరుకో. పోయాక ఇస్తే దండ అనలేదూ ఆయన? మనల్ని బతకనిస్తారా?"

అన్నానే గానీ, ఊరికే ఫైలు తీసి, ఆయన పాట చేరిన ఏటి మార్కుల కాగితం ఆవిడకి చూపించాను. నాగమ్మక్కకి చదువు అంతంతమాత్రమే గానీ అంకెల దగ్గర నాకన్నా చురుకు. ఆరో గడి మీద వేలు పెట్టి ఆపింది.

"ఇదేంటిది? నాతో ఏసింది ఎనబయ్యొకటి గదా."

వంగి చూశాను. డెబ్బై ఒకటి కింద, సన్నటి ఎర్ర గీత చాటున, ఎనభై ఒకటి కనిపిస్తోంది. ఎనిమిది కొట్టేసి పైన ఏడు వేశారు. పక్కన ఆయన పొట్టి సంతకం ఉంది. ఆవిడ 'నా' లేదు. కూతురి మార్కులు గుర్తొచ్చాయి నాకు. పది. సరిగ్గా పది కోసుకున్నారు.

"దీని మీద నా సంతకం లేదు గదా. ఈ దిద్దుడు చెల్లదని ఆయనే చెప్పారు" అంది నాగమ్మక్క. కోపంగా అంది గానీ కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

ఎనభై ఒకటంటే ఆ ఏడు ఫస్టు మాస్టారే. అప్పటికి ఆయన బతికే ఉన్నారు. అంటే ఇది దండ కాదు, ఆలస్యంగా తేలిన రిజల్టు. పసుపు అంచు ఫైలు తెరిచి, ఆయన పేరు కొట్టి, కింద ఆ ఏటి నవంబరు తేదీ వేశాను. ప్రింటు తీసి ఆవిడకి చదివి వినిపించాను.

"మీరు రచించిన సంగీతం మచిలీపట్నంలో వినబడినది. బాగున్నది."

నాగమ్మక్క బుట్ట నెత్తికెత్తుకుంది.

"'చాలా' అని పెడదామా అక్కా?" అన్నాను.

"వద్దులే తమ్ముడూ. కొట్టేత్తారు."